ఇంటికి వచ్చిన ఇంధనం

ఒక కుటుంబంలోనికి కొత్త వస్తువు ప్రవేశించినప్పుడు అది ఒంటరిగా రాదు. తనతోబాటు కొన్ని కొత్త విధులను, కొన్ని కొత్త భయాలను, ఒక కొత్త పదజాలాన్ని కూడ వెంటబెట్టుకొని వస్తుంది. కిరసనాయిలు దీపం వచ్చిన ఇంట ప్రతి సాయంకాలం చిమ్నీ తుడవడం ఒకరి వంతు అయింది. గోడగడియారం వచ్చిన ఇంట తాళం చెవి త్రిప్పడం ఒక పెద్దమనిషి అధికారం అయింది. వంటగ్యాసు వచ్చినప్పుడు రాత్రి పడుకొనబోయే ముందు సిలిండరు మీట కట్టినారో లేదో చూడడం గృహిణి నిత్యకృత్యం అయింది. వస్తువు మనకు సేవ చేస్తుంది, నిజమే. కాని ఆ సేవకు ప్రతిగా మన నుండి కొంత శ్రద్ధను కోరుతుంది. ఆ శ్రద్ధ ఎంత, ఎటువంటిది అని మొదటనే తెలుసుకొన్న కుటుంబం సుఖపడుతుంది. తెలుసుకొననిది చిక్కులలో పడుతుంది.

ఇప్పుడు మన ఇండ్లలోనికి అటువంటి కొత్త అతిథి ఒకటి వస్తున్నది. అది విద్యుత్తుతో నడిచే ద్విచక్ర వాహనం. జనం దానికి ‘కరెంటు బండి’ అని చక్కని తెలుగు పేరు పెట్టుకొన్నారు. నగరాలలో దీనిని గురించి ఎంతో ప్రచారం జరుగుతున్నది. కాని నగరంలోని బండికీ, పల్లెలోని బండికీ ప్రయాణంలో భేదం ఉన్నది. కనుక ఒక పల్లెపట్టును దృష్టిలో ఉంచుకొని ఈ విషయాన్ని విచారిద్దాం.

రేగొండ జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం. పరకాల నుండి భూపాలపల్లికి పోయే రహదారిపై, ఆ రెంటి నడుమ ఉన్నది. చుట్టుప్రక్కల పత్తి, మిరప, వరి పండిస్తారు. కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి జాతరకు వచ్చే భక్తులకు, ప్రాచీన శిలాచిత్రాలున్న పాండవులగుట్టను చూడవచ్చే యాత్రికులకు ఈ ఊరు పరిచితమే. 2016 అక్టోబరులో కొత్త జిల్లా ఏర్పడి భూపాలపల్లి జిల్లా కేంద్రం అయిన తరువాత ఈ దారిలో రాకపోకలు మరింత ప్రాముఖ్యం పొందినవి. ఒకవైపు సింగరేణి బొగ్గు గనులు, మరొకవైపు చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం, జిల్లా కార్యాలయాలు, పాఠశాలలు, ఆసుపత్రులు - వీటిలో పనిచేసేవారు ప్రతిదినం ఉదయం పోయి సాయంకాలం రావలసినవారే. బస్సు వేళకు మన వేళ కుదరదు. సైకిలుకు ఆ దూరం ఎక్కువ. కనుక ద్విచక్ర వాహనం ఇక్కడ విలాసం కాదు, జీవనోపాధిలో ఒక భాగం.

మొదట లెక్క చూద్దాం. ఎందుకంటే ఈ బండిని కొనేవారు ముందుగా చూసేది లెక్కనే. రానుపోను దినానికి 40 కిలోమీటర్లు ప్రయాణం చేసే ఒక ఉద్యోగిని ఊహించుకొందాం. లీటరుకు 45 కిలోమీటర్లు పోయే పెట్రోలు బండి అయితే అతనికి దినానికి సుమారు 0.9 లీటరు కావలెను. నెలకు 25 దినాలు పనిదినాలనుకొంటే 22 లీటర్లకు పైగా అవుతుంది. తెలంగాణలో 2021 జూన్ నెలలో పెట్రోలు ధర లీటరు నూరు రూపాయలు దాటింది. ఆ లెక్కన నెలకు 2,200 రూపాయలకు పైబడి ఖర్చు. అదే ప్రయాణానికి కరెంటు బండి కిలోమీటరుకు సుమారు 30 వాట్-గంటల శక్తిని తీసుకొంటుంది. ఛార్జింగులో నష్టమయ్యే భాగాన్ని కలుపుకొంటే దినానికి 1.4 యూనిట్లు, నెలకు 35 యూనిట్లు. యూనిట్ అయిదు రూపాయలనుకొన్నా 175 రూపాయలు. భేదం నెలకు రెండు వేల రూపాయలు. ఒక సామాన్య కుటుంబంలో రెండు వేల రూపాయలంటే పిల్లవాని బడి ఖర్చు, లేదా పెద్దవారి మందుల ఖర్చు.

అయితే ఈ లెక్కకు రెండవ ప్రక్క కూడ ఉన్నది. పెట్రోలు బండిలో ఇంధనాన్ని కొద్దికొద్దిగా కొంటాం. కరెంటు బండిలో ఇంధనాన్ని ఉంచే పాత్రనే ముందుగా పెద్దమొత్తం పెట్టి కొంటాం. ఆ పాత్ర బ్యాటరీ. బండి ఖరీదులో పెద్ద భాగం దానిదే. కొన్ని సంవత్సరాలు గడిచిన పిమ్మట దాని ధారణశక్తి తగ్గక తప్పదు. నాడు ఒకేసారి పెద్ద ఖర్చు మీద పడుతుంది. కనుక నెలనెలా మిగిలే రెండు వేలలో 500 రూపాయలను చిట్టీ కట్టినట్లు ప్రత్యేకంగా దాచుకొనేవారు వివేకులు. ఆరు సంవత్సరాలలో అది 36,000 రూపాయలవుతుంది. మిగిలినదంతా లాభమే అనుకొని ఖర్చు చేసినవారికి బ్యాటరీ మార్చవలసిన దినాన అప్పు చేయవలసి వస్తుంది.

ప్రభుత్వాలు కూడ ఈ వాహనాలకు కొంత చేయూత నిచ్చినవి. కేంద్రప్రభుత్వపు ‘ఫేమ్’ పథకం 2015లో మొదలై, దాని రెండవ దశ 2019 ఏప్రిల్ నుండి 2024 మార్చి వరకు నడిచింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుద్వాహనాలకు రహదారి పన్నును, రిజిస్ట్రేషన్ రుసుమును పూర్తిగా మినహాయించింది. ఇటువంటి రాయితీలు కాలపరిమితి కలవి. కనుక కొనేనాటికి ఏది అమలులో ఉన్నదో రవాణా కార్యాలయంలో విచారించి కొనడం మంచిది.

ఇక ఈ శక్తి ఎక్కడినుండి వస్తున్నది? రేగొండవారికి ఈ ప్రశ్నకు సమాధానం కంటికి కనిపించేంత దూరంలోనే ఉన్నది. చెల్పూరు విద్యుత్కేంద్రంలో 500 మెగావాట్ల మొదటి దశ 2010లోను, 600 మెగావాట్ల రెండవ దశ 2016లోను పని ప్రారంభించినవి. రెండూ పూర్ణశక్తితో నడిస్తే గంటకు 11 లక్షల యూనిట్లు ఉత్పత్తి అవుతవి. దినానికి 1.4 యూనిట్లు తీసుకొనే మన బండి ఆ సముద్రంలో ఒక బిందువు. కాని ఆ బిందువు వెనుక సుమారు ఒక కిలో బొగ్గు కాలుతున్నది. కాబట్టి కరెంటు బండికి పొగ లేదు అనేవారు సగం సత్యమే చెబుతున్నారు. పొగ పోలేదు, దాని చోటు మారింది. అంగడి వీధిలో పిల్లల ముఖాన కొట్టవలసిన పొగ ఎత్తైన చిమ్నీ నుండి వెలువడుతున్నది. అయినా మొత్తం మీద లాభమే. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. మన ఉద్యోగి ఒక దినపు ప్రయాణానికి పెట్రోలు వల్ల రెండు కిలోలకు పైగా పుట్టేచోట, కరెంటు పూర్తిగా బొగ్గు నుండి వచ్చినదే అయినా, అంతకంటె తక్కువే పుడుతుంది. సూర్యశక్తి పాలు పెరిగినకొద్దీ అది మరింత తగ్గుతుంది.

విద్యుత్తుతో సైకిలు నడపాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన 1895 డిసెంబరులోనే విద్యుత్ సైకిలుకు పేటెంటు పొందినాడు. తిరిగి ఛార్జి చేసికొనదగిన సీసపు బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అంతకుముందే, 1859లో, కనిపెట్టినాడు. మరి ఇన్ని సంవత్సరాలు ఆ బండి వీధిలోనికి ఎందుకు రాలేదు? బరువు వల్ల. మూడు యూనిట్ల శక్తిని సీసపు బ్యాటరీలో ఉంచాలంటే అది సుమారు నూరు కిలోలు తూగుతుంది. అంటే ఒక వడ్ల బస్తాకంటె ఎక్కువ. 1991లో జపానులో లిథియమ్-అయాన్ బ్యాటరీ విపణిలోనికి వచ్చింది. అంతే శక్తి ఇప్పుడు ఇరవై కిలోల పెట్టెలో ఇముడుతున్నది. ఈ బ్యాటరీకి పునాదులు వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానం లభించింది. మన చేతిలోని సెల్‌ఫోనులో ఉన్నదీ, కరెంటు బండి పీఠం క్రింద ఉన్నదీ ఒకే జాతి బ్యాటరీ. ఫోనులోనిది పసిబిడ్డ, బండిలోనిది వస్తాదు. ఫోనుతో మనం చేసే అజాగ్రత్తలను బండితో చేయరాదని చెప్పడానికే ఈ పోలిక.

ఇక్కడనే అసలు విషయానికి వస్తున్నాం. పెట్రోలును మన ఇంట్లో ఎవరూ నిలువ చేయరు. దానికొక బంకు ఉన్నది. అక్కడ పొగ త్రాగరాదని బోర్డు ఉన్నది, ఇసుక బకెట్లు ఉన్నవి, పని తెలిసిన మనిషి ఉన్నాడు. ఇంధనం వల్ల కలిగే ప్రమాదాన్ని కాచుకొనే భారమంతా బంకు వహించింది. కరెంటు బండి వచ్చిన నాటినుండి మన ఇల్లే బంకు అయింది. బోర్డు లేదు, బకెట్టు లేదు, పని తెలిసిన మనిషి లేడు. బండి నడిపే మగవాడు రాత్రి తీగ తగిలించి నిద్రపోతాడు. పగటివేళ తగిలిస్తే దానిని కనిపెట్టి ఉండేది ఇంట్లోని స్త్రీలు, వృద్ధులు. వారికి ఆ బండిని గురించి ఎవరూ ఏమీ చెప్పరు.

చెప్పకపోవడం వల్ల ఏమి జరుగుతుందో మన తెలుగుదేశం చూడవలసి వచ్చింది. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులో ఒక ఇంటను, విజయవాడలో ఒక ఇంటను, బండి నుండి తీసి ఇంటిలోపల ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీలు ప్రేలి, రెండు చోట్లను ప్రాణనష్టం జరిగింది. అదే సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక వసతిగృహం క్రింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మంటలు పుట్టి, పై అంతస్తులలో ఉన్న ఎనిమిదిమంది మరణించినారు. ఆ తరువాత కేంద్రప్రభుత్వం బ్యాటరీల నిర్మాణానికి నిబంధనలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుండి, 2023 మార్చి నుండి రెండు దశలలో అమలు చేసింది. కాబట్టి ఈ నిబంధనలకు ముందు తయారైన పాత బండ్లను చౌకగా వస్తున్నవని కొనేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించవలెను.

ఈ మాటలు భయపెట్టడానికి చెప్పినవి కావు. పెట్రోలు బండ్లూ కాలుతవి, వంటగ్యాసూ ప్రేలుతుంది. వాటితో కలిసి జీవించడం మనం నేర్చుకొన్నాం. దీనితోనూ నేర్చుకొనగలం. నేర్చుకొనవలసినవి కొద్ది విషయాలే.

మొదటిది స్థలం. రేగొండ ప్రాంతంలో దీపావళి నుండి సంక్రాంతి వరకు అనేక ఇండ్లలో పత్తి ఉంటుంది. ఏరిన పత్తిని గదిలోనో వసారాలోనో కుప్ప పోసి, మంచి ధర కోసం రైతు వేచి ఉంటాడు. పత్తికి ఒక్క నిప్పురవ్వ చాలును. పత్తి ఉన్న గదిలో బండినిగాని, బ్యాటరీనిగాని ఛార్జి చేయడం పాము పుట్టలో చేయి పెట్టడమే. గడ్డివాము ప్రక్కన, కట్టెల మోపు ప్రక్కన కూడ అంతే. గాలి ఆడే వసారాగాని, వాన పడని పందిరిగాని తగిన చోటు. ఆ వసారాలోనైనా ఇంటికి ఉన్న ఒకే ఒక్క ద్వారం ముందు బండిని నిలుపరాదు. ఏదైనా జరిగిన నాడు ఇంటివారు బయటికి వచ్చే దారి అదే గదా! పడుకొనే గదిలో మాత్రం ఎన్నటికీ వద్దు.

రెండవది తీగ. ఛార్జింగు అంటే ఒక ఇస్త్రీ పెట్టెను నాలుగైదు గంటలు ఎడతెగక నడిపినట్లు. వదులుగా ఉన్న ప్లగ్గు, పాత ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆ వేడిని తట్టుకొనలేవు. గోడలో గట్టిగా బిగించిన మూడు రంధ్రాల ప్లగ్గు ఉండవలెను. ఆ మూడవ రంధ్రానికి నిజంగా భూమితో సంబంధం ఉండవలెను. ఎర్తింగు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నీరు పోస్తూ తడి ఆరకుండ చూడవలెనని పెద్దలకు తెలుసు. పాటించేవారు తక్కువ. మొదటి వారంలో ఛార్జింగు జరుగుతుండగా మీట కట్టి, ప్లగ్గును చేతితో తాకి చూడండి. కాలుతున్నదంటే కరెంటు పని తెలిసినవానిని పిలవవలసినదే. బండితో వచ్చిన ఛార్జరు తప్ప ఇరుగుపొరుగు వారిది వాడరాదు.

మూడవది వేడి. ఇక్కడ మన పాత రేడియో అలవాటు ఒకటి అడ్డు వస్తుంది. ట్రాన్సిస్టర్ రేడియో సెల్లులు నీరసించినప్పుడు వాటిని ఎండలో పెట్టి, మరి రెండు దినాలు వార్తలు విన్న తరం మనది. ఎండ బ్యాటరీకి బలమని మన మనస్సులో నాటుకొన్నది. లిథియమ్ బ్యాటరీకి ఎండ బలం కాదు, శత్రువు. మన ప్రాంతంలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఆ ఎండలో ఇరవై కిలోమీటర్లు వచ్చిన బండిని వెంటనే ఛార్జింగుకు పెట్టరాదు. అలసి వచ్చిన ఎద్దును నీడన కట్టి, కాసేపాగి కుడితి పెట్టినట్లు, ఒక అరగంట నీడలో ఉంచి ఆ పిమ్మట తగిలించవలెను. ప్రతిసారీ పూర్తిగా అడుగంటనీయకుండ, అవసరం లేనప్పుడు నూటికి నూరు వరకు నింపకుండ వాడితే బ్యాటరీ ఆయుర్దాయం పెరుగుతుంది.

నాలుగవది నీరు. చినుకులకు ఈ బండి భయపడదు. కాని వాగుకు భయపడవలెను. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి ఈ దారిలోనే ఉన్న మోరంచపల్లి గ్రామాన్ని ముంచివేసిన సంగతి ఎవరూ మరువలేదు. పొంగుతున్న వాగును ఏ బండితోనూ దాటరాదు. నీట మునిగిన కరెంటు బండిని ఇంటికి తెచ్చి, ఆరింది కదా అని ఛార్జింగుకు పెట్టడం అంతకంటె ప్రమాదం. పని తెలిసినవారు పరీక్షించిన తరువాతనే దానిని ముట్టవలెను. బ్యాటరీ ఉబ్బినా, వింతవాసన వచ్చినా, బుసబుస చప్పుడు వినిపించినా, సామాను కోసం చూడక, ముందుగా పిల్లలతో, వృద్ధులతో బయటికి నడవండి. చేతికందితే మెయిన్ స్విచ్చి కట్టండి. 101కుగాని 112కుగాని ఫోను చేయండి. ఆ పొగ విషం. దానిలోనికి తిరిగి పోరాదు.

అయిదవది కరెంటు బిల్లు. నెలకు 200 యూనిట్లకు లోబడి వాడే అర్హులైన కుటుంబాలకు బిల్లు లేకుండ చేసే గృహజ్యోతి పథకం తెలంగాణలో 2024 మార్చి నుండి అమలైంది. 200 దాటిన నెలలో మాత్రం మొత్తం బిల్లు కట్టవలసినదేనని ఆ పథకం నియమం. 180 యూనిట్లు వాడే ఇంటికి బండి 35 యూనిట్లు కలిపితే 215 అవుతుంది. అంటే బండి తెచ్చేది 35 యూనిట్ల బిల్లు కాదు, 215 యూనిట్లది. అటువంటి కుటుంబాలు నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకొనే అలవాటు చేసికొనవలెను. కూలరు తిరిగే వేసవిలో ఇది మరింత అవసరం.

ఇక వీధిలో సంగతి. ఈ బండికి చప్పుడు లేదు. ఇది గుణమే, కాని పల్లెలో చప్పుడే హెచ్చరిక. మన పశువులు, పిల్లలు, చెవులు మందగించిన వృద్ధులు బండి శబ్దం విని ప్రక్కకు జరగడానికి అలవాటు పడినారు. ఈ బండి వెనుక వచ్చేదాక తెలియదు. కొడవటంచ జాతర వంటి జనసమ్మర్దంలో నడిపేవారు నడకవేగానికి దిగి, ముందుగానే హారను మ్రోగించవలెను. మరొక అపోహ కూడ ఉన్నది. మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉన్న చిన్న బండ్లకు మాత్రమే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదని నియమం. కరెంటు బండ్లన్నిటికీ లైసెన్సు వద్దని చెప్పి పిల్లల చేతికి ఇచ్చే తల్లిదండ్రులు ఈ భేదాన్ని గ్రహించవలెను. హెల్మెటు తలకే గాని, ఇంజనుకు కాదు. బండి ఏదైనా తల ఒక్కటే.

ఈ కాలపు బండి ఫోనుతో కూడ మాట్లాడుతుంది. ఎంత ఛార్జి మిగిలినదో, ఎంత దూరం పోవచ్చునో ఫోనులో కనబడుతుంది. కొన్ని బండ్లకు ఫోనే తాళం చెవి. సౌకర్యమే, కాని ఫోనులో చార్జి అయిపోయిన రాత్రి, సిగ్నలు అందని చోట, బండి కదలకపోతే ఎట్లా? కనుక కొనేటప్పుడే, ఫోను లేకుండ నడిపే మార్గం ఏమిటని దుకాణదారును అడిగి, చేసి చూపించుమనవలెను. ఇద్దరు ఎక్కితే ఎంత దూరం పోతుంది, బ్యాటరీ హామీ ఎన్ని సంవత్సరాలు, ఎన్ని కిలోమీటర్లు, చెడిపోతే బాగుచేసే చోటు పరకాలలోనా, భూపాలపల్లిలోనా, హనుమకొండలోనా - ఇవి కూడ అడగవలసిన ప్రశ్నలే. పెట్రోలు ఇంజను విప్పగల మెకానిక్కులు మన ఊళ్ళలో ఉన్నారు. బ్యాటరీలోని ఎలక్ట్రానిక్ భాగాలను బాగుచేయడం వేరే విద్య. ఐ.టి.ఐ. చదువుతున్న మన యువకులకు ఇది మంచి జీవనోపాధి కాగలదు.

కరెంటు బండి మన పల్లెలకు మేలు చేసే వస్తువే. దూరదేశపు నూనెబావి మీద ఆధారపడకుండ, ప్రక్క మండలంలో పుట్టిన శక్తితో మన ఉద్యోగి పనికి పోయి రాగలుగుతున్నాడు. నెలకు రెండు వేల రూపాయలు ఇంట మిగులుతున్నవి. కాని ఇంధనం బంకును వదలి ఇంటికి వచ్చిందన్న సంగతిని ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ గుర్తించినప్పుడే ఆ మేలు మేలుగా నిలుస్తుంది. బండి కొన్న దినాన మొదటి పాఠం నడపడం కాదు. ఇంట్లో ఉన్న తల్లిని, భార్యను, అత్తగారిని, ఎదిగిన పిల్లలను దగ్గరకు పిలిచి, తీగ ఎక్కడ తగిలించాలో, ఎప్పుడు తీయాలో, మెయిన్ స్విచ్చి ఏదో, ప్రమాదం వస్తే ఏ దారిన బయటికి పోవాలో చూపించవలెను. పావుగంట పట్టే ఆ పాఠం బండి ఖరీదులో చేరని వస్తువు. దానిని ఏ దుకాణమూ అమ్మదు. ఎవరి ఇంట వారే చెప్పుకొనవలెను.